ముల్కోవాల్ నింద

కుకునూరుపల్లి నుంచి రాజీవ్ రహదారి మీద హైదరాబాద్ దిక్కు పోతే ప్రజ్ఞాపూర్, గౌరారం దాటిన తర్వాత తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ వస్తుంది. కరోనా కాలంలో మన దవాఖానాలకు వచ్చిన కోవాగ్జిన్ అక్కడి భారత్ బయోటెక్‌దే. 2021లో ఆ టీకాను తయారు చేసేందుకు ముంబయిలోని ఒక సర్కారు సంస్థకు కూడా అనుమతి వచ్చింది. దాని పేరు హాఫ్‌కిన్ బయోఫార్మా. ఏ దేశపు కంపెనీయో అనుకుని చాలామంది ఆ వార్తను దాటేశారు. అది కంపెనీ కోసం కల్పించిన పేరేమీ కాదు, ఒక మనిషి ఇంటిపేరు. వాల్డెమార్ హాఫ్‌కిన్, ఒడెస్సాలో పుట్టిన యూదుడు. కలరాకు, ప్లేగుకు మన దేశంలో మొదటి టీకాలు వేసిన మనిషి. పందొమ్మిది మంది చావుకు కారకుడన్న నింద మోసి, తాను నిలబెట్టిన ప్రయోగశాలను పోగొట్టుకుని, చివరికి ఈ దేశమే విడిచి వెళ్లిన మనిషి.

గత్తర, అంటే కలరా, పేరు చెబితే ఊళ్లకు ఊళ్లు వణికిన కాలం అది. పొద్దున వాంతులు పట్టుకున్న మనిషి మాపటికి ఉండేవాడు కాదు. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి గుడి కథ మనందరం విన్నదే. పటాలంలో డోలీలు మోసే సురిటి అప్పయ్య ఉజ్జయినిలో ఉండగా గత్తర లేచింది. జనం చల్లగా ఉంటే లష్కర్‌లో గుడి కట్టి కొలుస్తానని అమ్మవారికి మొక్కి, 1815లో తిరిగొచ్చి మొక్కు తీర్చుకున్నాడు. మొక్కు తప్ప మందు లేని రోజులవి. ఆ తర్వాత ఎనభై ఏళ్లకు దగ్గర పడుతుండగా, 1893లో, కలరాకు సూదిమందు పట్టుకుని హాఫ్‌కిన్ కలకత్తాలో దిగారు.

ఆయన అప్పటికే చాలా చూసి వచ్చారు. పుట్టింది 1860లో. రష్యా చక్రవర్తి ఏలుబడిలో యూదులు ఎక్కడ కాపురం ఉండాలో, ఏ ఉద్యోగానికి పనికి వస్తారో సర్కారే గీత గీసేది. 1881లో రెండో అలెగ్జాండర్‌ను విప్లవకారులు బాంబు వేసి చంపారు. ఆ నింద తిరిగి తిరిగి యూదుల మీద పడింది. ఊరూరా గుంపులు వాళ్ల ఇళ్ల మీద పడి దుకాణాలు దోచాయి, మనుషులను కొట్టాయి. ఒడెస్సా విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న హాఫ్‌కిన్ తోటి విద్యార్థులతో కలిసి యూదుల వాడలకు కాపలాగా నిలబడ్డారు. దెబ్బలు తిన్నారు. పోలీసులు పట్టుకుపోయింది కూడా ఆయన్నే. గురువు ఇల్యా మెచ్నికోవ్ అడ్డుపడకపోతే ఆ చదువు అక్కడితో సరి. ఈ మెచ్నికోవే తర్వాత 1908లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

చదువు పూర్తయింది, డాక్టరేట్ వచ్చింది. అధ్యాపకుడి ఉద్యోగం కావాలంటే మాత్రం ఒక్క షరతు: రష్యన్ చర్చిలో బాప్తిస్మం తీసుకోవాలి. చాలామంది తీసుకున్నారు కూడా, పొట్టకూటి కోసం. వాళ్లను తప్పుపట్టలేం. హాఫ్‌కిన్ ఒప్పుకోలేదు. అప్పటికి ఆయనకు పెద్ద దైవభక్తి ఉన్నట్టు కూడా కనబడదు. పూజలూ ప్రార్థనలూ ఎరగని మనిషే అయినా పుట్టిన ఇంటిని ఉద్యోగం కోసం కాదనలేదు. జంతుశాస్త్ర మ్యూజియంలో చిన్న కొలువుతో సరిపెట్టుకుని, 1888లో దేశం వదిలారు. జెనీవా మీదుగా పారిస్ చేరారు. పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో అప్పటికి ఖాళీగా ఉన్న కొలువు సహాయ గ్రంథపాలకుడిది. దానిలోనే చేరారు. పగలు పుస్తకాలు సర్దడం, మిగిలిన సమయమంతా కలరా క్రిములతో ప్రయోగం. 1892 జూలై 18న, తాను తయారు చేసిన కలరా టీకాను మొదట తనకే వేసుకున్నారు.

ఆ టీకాను పరీక్షించడానికి ఒక దేశం కావాలి. రష్యా వద్దంది. పారిస్‌లో బ్రిటన్ రాయబారిగా ఉన్న లార్డ్ డఫరిన్ ఒకప్పుడు మన దేశానికి వైస్రాయి. ఇండియాకు వెళ్లమని ఆయనే దారి చూపారు. అలా వచ్చిన హాఫ్‌కిన్ రెండేళ్లకు పైగా ఆగ్రా నుంచి అస్సాం తేయాకు తోటల దాకా తిరిగి సుమారు 42,000 మందికి కలరా టీకా వేశారు. సూదిని చూసి జనం భయపడిన చోట, రాళ్లు లేచిన చోట, ముందు తన ఒంట్లో పొడిపించుకుని చూపించేవారు. మలేరియా పట్టి పీల్చేస్తే కొన్నాళ్లు ఇంగ్లండు వెళ్లి, 1896లో మళ్లీ వచ్చారు.

అదే ఏడు సెప్టెంబరులో బొంబాయి మాండ్వీలో ప్లేగు బయటపడింది. గుర్తించింది గోవాకు చెందిన డాక్టర్ అకాసియో వీగాస్. అక్టోబరులో హాఫ్‌కిన్‌ను బొంబాయి పిలిపించారు. గ్రాంట్ మెడికల్ కాలేజీలో ఆయనకు ఇచ్చింది ఒక గది, దాని ముందరి వరండా, ఒక గుమాస్తా, ముగ్గురు బంట్రోతులు. మూడు నెలల్లో టీకా తయారైంది.

ఆ టీకా తయారీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, మనిషి అక్కడే తెలుస్తాడు. క్రిములు పెరగడానికి మాంసం రసం కావాలి. యూరప్‌లో ఎద్దు మాంసం రసం వాడేవారు. ఇక్కడ అది హిందువులకు పనికిరాదు, పంది మాంసం ముసల్మానులకు పనికిరాదు. హాఫ్‌కిన్ మేక మాంసం తీసుకున్నారు, దాన్ని ఆమ్లంలో కరిగించి రసం చేశారు. గాజు కూజాల్లో ఆ రసం పోసి, పైన కొన్ని చుక్కల నెయ్యి వేశారు. మన వంటింటి నెయ్యే. తేలుతున్న నేతి చుక్కలను పట్టుకుని ప్లేగు క్రిములు కిందికి ఊడల్లా దిగేవి. కూజాను ఒక్కసారి కదిపితే ఆ ఊడలు రాలి అడుగున పడేవి, మళ్లీ కొత్తవి దిగేవి. వారాల తరబడి అలా పెంచి, వేడిచేసి చంపి, ఆ ద్రవాన్నే టీకాగా ఎక్కించేవారు. యూదుల ఇళ్లలో పందిమాంసం ముట్టరు, మాంసాన్నీ పాలనూ కలపరు, వంట పాత్రలు సైతం వేరుగా పెట్టుకుంటారు. తిండి విషయంలో ఎదుటివాడికి ఉండే పట్టింపు ఎంత లోతైనదో అలాంటి ఇంట్లో పుట్టినవాడికి ఒకరు చెప్పక్కర్లేదు. అంత పట్టింపులోనూ, ప్రాణం కాపాడవలసి వస్తే విశ్రాంతి దినం నియమాన్ని సైతం పక్కన పెట్టమంటుంది వాళ్ల ధర్మశాస్త్రం.

1897 జనవరి 10న ఆ టీకాను మామూలు మోతాదు కంటే ఎక్కువగా తన ఒంట్లోకి ఎక్కించుకున్నారు. జ్వరం వచ్చింది, నొప్పి వచ్చింది, పని ఆపలేదు. ఆ నెలాఖరుకు బైకుల్లా జైలులో ప్లేగు పుడితే, ముందుకు వచ్చిన ఖైదీలకు వేశారు. వేయించుకోని వాళ్ల కంటే వేయించుకున్న వాళ్లలో జబ్బు బాగా తగ్గింది. మూడో ఆగాఖాన్ తాను వేయించుకుని, తన ఖోజా జనాన్ని వేయించుకోమన్నారు, ప్రయోగశాలకు ఖుశ్రూ లాడ్జ్ అనే భవనం ఇచ్చారు. అదే కాలంలో పుణేలో ప్లేగు అధికారి రాండ్ సోల్జర్లను ఇళ్లలోకి తోలి సోదాలు చేయించాడు. 1897 జూన్‌లో చాపేకర్ సోదరులు అతణ్ణి కాల్చారు. ఒకే జబ్బు మీద ఇద్దరు దొరల పద్ధతులు ఇలా ఉన్నాయి. 1899 ఆగస్టులో పరేల్‌లోని పాత గవర్నరు బంగళా ప్లేగు పరిశోధనాలయంగా మారింది. హాఫ్‌కిన్ దానికి అధిపతి. అప్పటికి ఆయనకు ముప్పై తొమ్మిదేళ్లు. మహారాణి బిరుదు ఇచ్చింది, బ్రిటిష్ పౌరసత్వం వచ్చింది.

ఇక్కడ ఒక పాత సంగతి గుర్తుచేయాలి. 1348లో ఐరోపాను ప్లేగు కమ్మినప్పుడు యూదులు బావుల్లో విషం కలిపారన్న పుకారు లేచింది. వాళ్లూ అదే ప్లేగుతో చస్తున్నారు కదా అని పోప్ ఆరో క్లెమెంట్ శాసనం వెలువరించినా జనం వినలేదు. 1349 ఫిబ్రవరి 14న స్ట్రాస్‌బర్గ్‌లో యూదులను వందల సంఖ్యలో సజీవంగా దహనం చేశారు. ఊరిలోకి ప్లేగు ఇంకా రానేలేదు. ఉమ్మడి మెదక్ జిల్లా మనిషికి ఈ కథ కొత్తగా ఉండదు. ఊళ్లో బిడ్డలు జ్వరాలతో పోతే, గొడ్లు చస్తే, బాణామతి చేశారని ఎవరినో చెట్టుకు కట్టి కొట్టిన, పళ్లు ఊడగొట్టిన, కాల్చి చంపిన వార్తలు మన దగ్గర ఎన్ని రాలేదు! దొరికేది ఎప్పుడూ ఊరి చివర ఉన్నవాడే, వెనక ఎవరూ లేనివాడే. ఐదున్నర శతాబ్దాల తర్వాత అదే ప్లేగుకు ఒక యూదుడు మందు కనిపెట్టాడు. ఆ మందు సీసాలోనే విషం కలిసిందన్న నింద మళ్లీ ఆయన మీదికే వచ్చింది.

అది 1902 అక్టోబరు 30. పంజాబ్‌లో గుజ్రాత్ జిల్లా, ముల్కోవాల్ అనే పల్లె. ఇప్పుడది పాకిస్తాన్‌లో ఉంది. పంజాబంతా లక్షల మందికి టీకాలు వేయాలని సర్కారు తలపెట్టిన రోజులవి. పరేల్ నుంచి పెట్టెలు పెట్టెలుగా సీసాలు వెళుతున్నాయి. ఆ రోజు ముల్కోవాల్‌లో ఐదు సీసాలు విప్పి 107 మందికి వేశారు. వాటిలో ఒక సీసా నంబరు 53-ఎన్. దాన్ని విప్పేటప్పుడు సహాయకుడి చేతిలోని చిమటా జారి నేల మీద పడింది. అతను దాన్ని మంటలో కాల్చలేదు. కార్బాలిక్ నీళ్లలో ఒకసారి ఆడించి, దానితోనే బిరడా లాగాడు. వారం తర్వాత ఆ ఒక్క సీసా మందు ఎక్కినవాళ్లకు దవడలు బిగుసుకున్నాయి. ధనుర్వాతం. పందొమ్మిది మంది పోయారు. మిగతా నాలుగు సీసాల వాళ్లకు ఏమీ కాలేదు.

బొంబాయి ప్రధాన న్యాయమూర్తి లారెన్స్ జెంకిన్స్ అధ్యక్షతన విచారణ సంఘం వేశారు. టీకా చెడిపోకుండా అంతవరకు అందులో కార్బాలిక్ ఆమ్లం కలిపేవారు. కావలసిన మోతాదులు లక్షల్లోకి పెరగడంతో హాఫ్‌కిన్ దాన్ని మాని వేడి మీదే ఆధారపడ్డారు. పారిస్‌లోనూ వేడినే నమ్మేవారు. సంఘం దాన్ని పట్టుకుంది. విషం సీసాలోకి పరేల్‌లోనే చేరిందని తేల్చింది. నేల మీద పడిన చిమటా సంగతి సంఘం ముందుకు రాకపోలేదు, దానికి దక్కవలసిన బరువు మాత్రం దక్కలేదు. హాఫ్‌కిన్‌ను పదవి నుంచి పక్కన పెట్టారు. లక్షల మందికి సూదిమందు పంపిన మనిషి లండన్‌లో కాగితాల కట్టలు ముందేసుకుని తాను నిర్దోషినని తానే రుజువు చేసుకోవలసి వచ్చింది.

యూదుడు కాబట్టే ఇలా చేశారా? విచారణ కాగితాల్లో ఆ మాట ఎక్కడా దొరకదు. దొరలు అంత తెలివితక్కువ వాళ్లు కారు. ఆయన మీద ఇంకా చాలా కోపాలు ఉన్నాయి. వైద్యపట్టా లేని జంతుశాస్త్రజ్ఞుడు సైనిక వైద్యుల మీద పెత్తనం చేయడం కొందరికి మింగుడు పడలేదు. ఆయన రష్యా వాడు, ఆ రోజుల్లో రష్యావాడంటే గూఢచారి అన్న అనుమానం. వీటన్నిటి అడుగున యూదుడన్న మూడో కారణం కూడా ఉంది. కులం పేరు ఒక్కసారి కూడా ఎత్తకుండా ఒక మనిషిని ఎలా పక్కకు జరపవచ్చో మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఫ్రాన్స్‌లో డ్రైఫస్ అనే యూదు సైనికాధికారిని దొంగ సాక్ష్యంతో దేశద్రోహి అని ద్వీపాంతర శిక్ష వేసింది 1894లో, నిర్దోషి అని తేల్చింది 1906లో. హాఫ్‌కిన్ ఉదంతాన్ని చిన్న డ్రైఫస్ వ్యవహారం అన్నవాళ్లు ఊరికే అనలేదు.

ఆయన కోసం గొంతెత్తిన వాళ్లలో మన ఊళ్లతో సంబంధం ఉన్న మనిషి ఒకరున్నారు. రొనాల్డ్ రాస్. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్ బేగంపేటలో, హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన దోమను కోసి, దాని కడుపులో మలేరియా క్రిమిని చూసిన మనిషి. దోమకాటుకు ఒక అణా లెక్కన ఆ హుసేన్ ఖాన్‌కు ఆయన ముట్టజెప్పారు. రాస్ ఏమంత మెత్తని మనిషి కాదు. ఇటలీ శాస్త్రవేత్త గ్రాసీతో మలేరియా ఘనత ఎవరిదని జీవితాంతం తగాదా పెట్టుకున్నారు. ఆ మొండితనమే ఇప్పుడు పనికొచ్చింది. 1902లో వచ్చిన నోబెల్ బహుమతి బలం ఆయన మాటకు ఉంది. 1907లో పత్రికలకు వరసగా లేఖలు రాశారు. ఆ ఏడు జూలై 29న లండన్ టైమ్స్‌లో వచ్చిన లేఖ మీద రాస్‌తో పాటు న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సంస్థ నుంచి సైమన్ ఫ్లెక్స్‌నర్ లాంటి పెద్దలు సంతకాలు చేశారు. వాదం సూటిగా ఉంది. ధనుర్వాతం క్రిమి పరేల్‌లోనే సీసాలో పడి ఉంటే వారాల తరబడి అందులో పెరిగి ఉండాలి. పెరిగితే సీసా విప్పగానే ముక్కు పగిలే వాసన రావాలి. అలాంటి వాసన ఏదీ రాలేదని విప్పినవాళ్లే చెప్పారు. జబ్బు బయటపడటానికి వారం పట్టింది. అంటే క్రిమి చేరింది ఊళ్లో, బిరడా తీసిన ఆ రోజే.

పార్లమెంటులో ప్రశ్నలు లేచాయి. సర్కారు దిగివచ్చింది. ఆ ఏడు చివరికల్లా హాఫ్‌కిన్ మీద నింద తొలగింది, మళ్లీ ఉద్యోగం ఇస్తామన్నారు. ఆయన వచ్చారు. వచ్చేసరికి పరేల్‌లో ఆయన కుర్చీలో ఇంకొకరు ఉన్నారు. కలకత్తాలో ఒక ప్రయోగశాల చూపించారు. పరిశోధన చేసుకోవచ్చు, టీకాను జనం మీద పరీక్షించడానికి మాత్రం వీల్లేదు. ఊరూరా తిరిగి తన చేత్తో సూదులు వేసిన మనిషిని నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టారు. నింద కన్నా ఈ క్షమాపణే ఆయన్ను ఎక్కువ కుంగదీసిందని నాకనిపిస్తుంది. ఏళ్లు గడిచాయి, పెద్దగా ఏమీ బయటికి రాలేదు. 55 ఏళ్లకు పదవీ విరమణ చేసి ఫ్రాన్స్ వెళ్లిపోయారు. పెళ్లి లేదు, పిల్లలు లేరు.

ఆ తర్వాత ఆయన చేసిన పని చాలామంది ఊహించనిది. ప్రార్థనలు వదిలేసిన కుర్రాడు ముసలితనంలో నిష్ఠగా ఆచారం పట్టాడు. 1916లో మెనోరా జర్నల్‌లో సంప్రదాయ ధర్మాన్ని సమర్థిస్తూ వ్యాసం రాశారు. విశ్రాంతి దినం పాటించడం, తిండి నియమాలు, పిల్లలకు గ్రంథం చదివించడం ఇవే చెదిరిపోయిన జాతిని ఒక కుటుంబంగా పట్టి ఉంచాయని ఆయన వాదన. పక్కవాడి మెప్పు కోసం ఇవన్నీ వదిలేసినా ద్వేషించేవాడు ద్వేషించడం మానడని బాప్తిస్మం షరతు దగ్గరే తెలిసిన మనిషి ఆయన. పోట్లాటకు దిగకుండా, తన వాళ్ల బడులను నిలబెట్టడం మీద పడ్డారు. 1920లో పారిస్‌లోని యూదు సంఘం అలియాన్స్ కేంద్ర కమిటీలో చేరారు. 1929లో తూర్పు ఐరోపాలోని వేదపాఠశాలలకు, వాటిని యెషివాలంటారు, సాయం చేయడానికి తన ఆస్తితో లోసాన్‌లో ఒక నిధి పెట్టారు. 1930 అక్టోబరులో అక్కడే కన్నుమూశారు. పోలండ్, లిథువేనియా బడుల్లో పేద పిల్లలు చదువుకోవాలని పెట్టిన సొమ్ము అది. పన్నెండు పదమూడేళ్లు తిరగకుండానే నాజీలు ఆ బడులను, చాలాచోట్ల ఆ పిల్లలనూ గురువులనూ కూడా మిగల్చలేదు.

తెలుగునాట యూదు జీవితం అసలు లేదనుకోవద్దు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిమ్ అని చెప్పుకునే తెలుగు యూదులున్నారు. మాదిగ వాడల నుంచి వచ్చిన కుటుంబాలు. 1991లో ప్రార్థనామందిరం కట్టుకున్నారు, శుక్రవారం సాయంత్రం దీపాలు వెలిగిస్తారు, పిల్లలకు హీబ్రూ నేర్పుతారు. కూలిపనులకు పోతూనే ఇదంతా. వాళ్లను చంపడానికి కుట్ర జరిగిందని 2004లో పోలీసులు ప్రకటించారు. ఊళ్లో కులం అడిగేవాళ్లు ఒక దిక్కు, మీరు నిజంగా యూదులేనా అని అడిగేవాళ్లు ఇంకో దిక్కు. అయినా వారం వారం వెలిగించే ఆ దీపం ఆపలేదు వాళ్లు. హాఫ్‌కిన్ వ్యాసం వాళ్లు చదివి ఉంటారని అనుకోను. ఆయన చెప్పింది మాత్రం వాళ్లు చేస్తూనే ఉన్నారు.

1925లో పరేల్ ప్రయోగశాలకు హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్ అని పేరు పెట్టారు. అప్పటికి ఆయన బతికే ఉన్నారు. 1964లో మన తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ల వేసింది. అదే ఏడు ఆయన జీవితచరిత్ర రాసింది సెల్మన్ వాక్స్‌మన్. ఆయనా ఉక్రెయిన్ నేలన పుట్టిన యూదుడే. ఆయన ప్రయోగశాలలో దొరికిన స్ట్రెప్టోమైసిన్‌తోనే ప్లేగు చివరికి లొంగింది. ముల్కోవాల్‌లో చచ్చిపోయిన పందొమ్మిది మంది పేర్లు మాత్రం మనం మామూలుగా చదివే చరిత్రల్లో కనబడవు. ఈ కథలో వాళ్లకు జరిగిన అన్యాయం అందరికంటే పెద్దది. అసలు పొరపాటును వదిలి అనుమానం ఉన్న మనిషిని పట్టుకున్న విచారణ, హాఫ్‌కిన్‌కు ఎంత ద్రోహం చేసిందో ఆ చనిపోయిన వాళ్లకూ అంతే చేసింది.

ఏటా ఆగస్టు 20న మన బళ్లలో దోమల దినం జరుపుతారు, రాస్ గురించి పిల్లల చేత ఉపన్యాసాలు చెప్పిస్తారు. కుకునూరుపల్లిలో గానీ గజ్వేల్‌లో గానీ సిద్దిపేటలో గానీ ఆ రోజు పాఠం చెప్పే సార్లకూ మేడమ్‌లకూ ఒక విన్నపం. దోమ కడుపులో రాస్ చూసింది చెప్పండి. దానితో పాటు, ఒంటరివాడైన ఒక యూదు శాస్త్రవేత్త కోసం 1907లో ఆయన రాసిన లేఖల గురించి కూడా చెప్పండి.